సొరుగులో రెండు రోజులు

ఘాజియాబాద్,
ఆగస్టు 26, మంగళవారం.

అడక్కుండా సంతకం పెట్టారు. కట్టుకున్న మనిషిని ఒక్క మాట అడక్కుండా, ఇంకో రెండేళ్ళు ఆ కొండ మీదే ఉంటానని పేరు ఇచ్చేశారు. ఇది తప్పు. క్షేమ సమాచారాలు తర్వాత. ముందు తప్పుని తప్పని రాస్తే గాని నా చెయ్యి సాగదు.

నిన్న కంటోన్మెంటు క్వార్టర్‌కి వెళ్ళినప్పుడు మీ ఉత్తరం కుట్టుమిషను మీద కనిపించింది. మూడే వాక్యాలు. "ఇంకో రెండేళ్ళకి ఇక్కడే ఉంటానని పేరు ఇచ్చాను. క్వార్టరు మీకే ఉంటుంది. మనీషని బాగా చదివించు." కరెంటాఫీసు నోటీసు కూడా ఇంతకన్నా పొడుగ్గా ఉంటుంది బాబాయ్.

పిన్ని ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనింత కోపంగా రాసేవాణ్ణి కాదు. ఎదురు క్వార్టర్ ఆంటీ చీరకి ఫాల్ కుడుతూ కూచుంది.

"ఏటి పిన్నీ ఇది?" అన్నాను.

"చదివావు కదా, అదే."

"ముందు నీతో చెప్పలేదా?"

"చెప్పాలంటే ఫోను చెయ్యాలి కదా. ఆగస్టు మూడు తర్వాత చెయ్యలేదు."

లోపలి గదిలోంచి మనీష అరిచింది: "పాపా కా ఆనా ఫిర్ సే పోస్ట్‌పోన్?" నాన్న రావడం మళ్ళీ వాయిదానా అని, రైలు లేటైందా అన్నట్టు అడిగింది. పన్నెండేళ్ళ పిల్లకి తండ్రి రాక అంత మామూలైపోయింది. అది మీ పుణ్యమే.

పదో తరగతి తప్పి బొబ్బిలి సెంటర్లో గాలికి తిరుగుతుంటే నన్ను ఢిల్లీ తెచ్చి, రెండేళ్ళు మీ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది మీరు. కాదనను. ఆ మర్యాద ఉంది కాబట్టే ఇంత తక్కువగా తిడుతున్నాను.

మీలా తొందరపడటం నాకు చేతకాదు. చచ్చిన ఫోన్లు విప్పి, వీడియోలు చూసి, చేతులు కాల్చుకుని నా అంతట నేను పని నేర్చుకున్నాను. ఇప్పుడు దశరథ్ భయ్యా దుకాణంలో బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళ కన్నా, ఏ ఫోను ఎప్పుడు కొనాలో నన్ను అడగడానికి వచ్చేవాళ్ళే ఎక్కువ. కొత్త మోడల్ దిగితే పాతది దిగొస్తుంది. పండగ సేల్‌కి ఇంకా దిగొస్తుంది. అదే నా విద్య. మే నెలలో సాకేత్ మాల్‌లో పిన్ని ఒక ఫోను పెట్టె పట్టుకుని బిల్లు కౌంటర్ దాకా వెళ్ళింది. నేనే లాక్కుని వెనక్కిచ్చేశాను. "బుద్ధున్నవాడెవడూ మేలో కొనడు పిన్నీ, దీపావళి దాకా ఆగు" అన్నాను. ఆగింది. ఒక ఫోను కొనడానికే మేం ఆరు నెలలు ఆలోచిస్తాం. మీరు రెండేళ్ళ కాపురాన్ని ఒక్క రోజులో రాసిచ్చేశారు.

ఎందుకో చెప్పండి. పొడుగ్గా చెప్పండి.

కోపంతోనే,
జయచంద్ర


పై పోస్టు నుంచి,
సెప్టెంబరు 4.

ఒరేయ్ జయా,

నన్ను "మీరు" అన్నావు. నిన్ను ఢిల్లీ తెచ్చిన ఈ ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. ఉత్తరం మొత్తం చదవకుండానే ఎంత కోపమొచ్చిందో తెలిసిపోయింది.

నీ ఉత్తరం కిరోసిన్ వాసన వేస్తోంది. మాకు ఉత్తరాలూ కిరోసినూ బంగాళాదుంపలూ ఒకే కంచరగాడిద మీద వస్తాయి. దానికి మా కుర్రాళ్ళు మేజర్ సాబ్ అని పేరు పెట్టారు. రోజూ దానికి సెల్యూట్ కొట్టేవాళ్ళు కూడా ఉన్నారు, చలికి బుర్ర అలా అవుతుంది.

నువ్వు పొడుగ్గా చెప్పమన్నావు. చెబుతాను.

ఆగస్టు మూడు ఆదివారం, నాలుగు గంటలకి, ఎప్పట్లాగే చేశాను. సెలవు రెండోసారి వాయిదా పడిందన్నాను. మీ పిన్నికి కోపం వచ్చింది. రావాలి కూడా. "వస్తే ఏటి, రాకపోతే ఏటి? మళ్ళీ ఇలాంటి కబురు చెప్పడానికి చేస్తే ఫోను కట్టేస్తాను" అని పెట్టేసింది. పదో తారీకు ఆదివారం వానకి లైను తెగింది. పన్నెండున సాబ్ పిలిచి, ఇక్కడ ఇంకో రెండేళ్ళు ఉండేవాళ్ళెవరు, రేపు సాయంత్రంలోగా చెప్పమన్నాడు. పేరు ఇస్తే ప్రమోషన్ వరసలో ముందుకొస్తాను. ఇవ్వకపోతే జనవరికల్లా ఢిల్లీలో ఉంటాను. రెండూ మంచివే. అందుకే మీ పిన్నిని, నా హరిని, అడుగుదామనుకున్నాను. రమ్మంటే వచ్చేసేవాణ్ణి. ఆ ఒక్క మాట కోసమే చూశాను.

అప్పటికింకా కింద బేస్‌లోనే ఉన్నాను. అక్కడ ఫోను ఒక్కటే. మనిషికి ఐదు నిమిషాల వంతు. నా వంతు అయిపోయాక లింగయ్య తన వంతు ఇచ్చాడు. సిద్దిపేట మనిషి, నెల రోజుల కూతురుంది, ఇంకా మొహం చూడలేదు. ఏడుపు వినడానికి ఫోను చేస్తాడు. ఆ వంతు నాకిచ్చేశాడు. రెండు రోజుల్లో పదకొండుసార్లు చేశాను. పదకొండుసార్లూ అదే ఆడగొంతు, ముందు హిందీలో, తర్వాత ఇంగ్లీషులో. స్విచ్చాఫ్.

"చార్జింగ్ అయిపోయిందేమో అన్నా" అన్నాడు లింగయ్య. నాకూ అలాగే అనుకోవాలని ఉండింది. కాని జూన్‌లో హరి తన నోటితోనే చెప్పింది, "మన జయ కొత్త బ్యాటరీ వేశాడు, ఇంక బెంగ లేదు, దీపావళి దాకా రాయిలా ఉంటుందన్నాడు" అని. నీ చేతి పని మీద నాకు అనుమానం లేదురా. అందుకే తేల్చుకున్నాను. ఆ ఫోను ఆరిపోలేదు, ఆర్పేశారు.

అదే ఆవిడ జవాబనుకుని సంతకం పెట్టాను. అడక్కుండా కాదు. జవాబు రాక.

ఈ పదకొండుసార్ల సంగతి ఆవిడకి రాయలేదు. ఫోను కట్టేసిన మనిషికి ఇన్నిసార్లు కొట్టానని చెప్పుకోవడం నాకు నామోషీ.

ఇప్పుడు పై పోస్టులో ఉన్నాను, ఇక్కడ ఫోను లేదు. చలికి వేళ్ళు వంగడం లేదు. ఉంటాను.

బాబాయ్


ఘాజియాబాద్,
సెప్టెంబరు 12, శుక్రవారం.

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దుకాణంలో ఒకసారి, మెట్రోలో రెండుసార్లు, గదిలో ఒకసారి. పిన్నికి చూపించలేదు.

పిన్ని ఫోను కట్టెయ్యలేదు. ఆ మాట నేను చెబుతున్నాను. ఎలా తెలుసని అడక్కండి. తెలుసు, అంతే.

బ్యాటరీ అన్నాక యంత్రం. వేడెక్కుతుంది, పడుకుంటుంది, లేస్తుంది. కంపెనీవాళ్ళే ఇప్పుడు నాసిరకం వేస్తున్నారు. ఢిల్లీ ఎండల్లో మనుషులే పడిపోతున్నారు, ఫోను ఎంత? ఆ రెండు రోజులూ ఎక్కడో ఏదో తేడా వచ్చి ఉంటుంది. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే పెద్ద పాఠమవుతుంది.

అయినా తప్పు మీదే. పిన్ని ఎత్తకపోతే నాకెందుకు చెయ్యలేదు? నా నెంబరు మారలేదు. ఒక్క ఫోను నాకు కొడితే రెండు మెట్రోలు మారి వెళ్ళి పిన్నిని అడిగి, సాయంత్రంలోగా మీకు జవాబు చెప్పేవాణ్ణి. ఇంట్లో ఒక మగవాడున్నాడని గుర్తు రాలేదా? రెండేళ్ళ సంగతి కదా, అంత తేలిగ్గా ఎలా వదిలేశారు?

ఇక్కడ అందరూ బాగున్నారు. మనీషకి లెక్కల్లో మార్కులు తగ్గాయి, అడిగితే "టెన్షన్ మత్ లో భయ్యా" అంటోంది. ఈ వారం కొత్త మోడల్ దిగింది, నేను చెప్పినట్టే పాతది కాస్త తగ్గింది. "ఇప్పుడు తీసేసుకుందామా?" అంది పిన్ని. ఇంకో నెల ఆగమన్నాను. అలవాటు కొద్దీ అనేశాను. మీ ఉత్తరం జేబులో పెట్టుకునే అన్నాను.

ఉంటాను.
జయచంద్ర


పై పోస్టు నుంచి,
సెప్టెంబరు 20.

జయచంద్రకి,

నీకు చేశాను.

పదమూడో తారీకు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి, అయిదింటికి సంతకం పెట్టబోయే ముందు ఒకసారి. రెండుసార్లూ పూర్తిగా మోగింది. ఎత్తలేదు. నీది స్విచ్చాఫ్ కూడా కాదు, చక్కగా మోగింది. హరి పక్కనే కూచుని "ఎత్తకు" అని ఉంటుందనుకున్నాను. మొదటి ఉత్తరంలో ఆ సంగతి కావాలనే రాయలేదు. చిన్నవాడివి, ఆడమనిషి మాట కాదనలేకపోయావని వదిలేశాను. ఇప్పుడు నువ్వే ఎందుకు చెయ్యలేదని ఎదురడుగుతున్నావు కాబట్టి రాస్తున్నాను.

"ఎలా తెలుసని అడక్కండి" అన్నావు. ఫౌజులో ఆ మాట అన్నవాడినే అందరికన్నా ముందు నిలబెట్టి అడుగుతారు. నువ్వు మీ పిన్నిని కాపాడుతున్నావు. ఆవిడ నీ చేత రాయిస్తోంది. ఫోను కట్టేసినందుకు ఇప్పుడు బాధపడుతోందేమో, బాధపడనీ. కాని యంత్రం మీద నెట్టొద్దు. నేను ఇరవై ఏళ్ళు రైఫిల్ తుడిచినవాణ్ణి. యంత్రం ఎప్పుడు చెడుతుందో, మనిషి ఎప్పుడు చెడగొడతాడో నాకు తెలుసు.

అక్టోబరు 31న లిస్టు పైకి పోతుంది. ఆ తర్వాత పేరు తీయడానికి ఉండదు. ఆ మాట మీ పిన్నికి చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే మానెయ్.

మేజర్ సాబ్ కాలికి దెబ్బ తగిలింది. ఇక నుంచి ఉత్తరాలు ఆలస్యం కావచ్చు. తొందరపడి రాయకు.

భీమారావు


ఘాజియాబాద్,
సెప్టెంబరు 28, ఆదివారం.

ఆ రెండు రోజులూ పిన్ని ఫోను నా సొరుగులో ఉంది.

ఇదీ తప్పు. ఇది నాది. నీకు మొదటి ఉత్తరం ఎలా మొదలుపెట్టానో, ఇదీ అలాగే మొదలుపెడుతున్నాను. ఇంక "మీరు" అనే హక్కు నాకు లేదు బాబాయ్. అది కోపమున్నవాళ్ళు అనాల్సిన మాట.

మొదట్నుంచీ చెబుతాను. మే నెలలో పిన్నిని ఆపానా, జూన్‌లో ఆ పాత ఫోను పొద్దున చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికి చావడం మొదలైంది. అసలు బ్యాటరీ తెప్పించి వెయ్యాలి. నేను వెయ్యలేదు. నాలుగు నెలల్లో పడేసే ఫోనుకి కొత్త బ్యాటరీ ఎందుకని. మా దుకాణంలో అటక కింద ఒక డబ్బా ఉంటుంది, నీళ్ళలో పడినవి, తెర పగిలినవి, ఎవరూ తిరిగొచ్చి అడగనివి అందులో పడేస్తాం. అలాంటి ఒక చచ్చిన ఫోనులోంచి బ్యాటరీ పీకి పిన్ని ఫోనులో వేశాను. "కొత్తదేనా?" అంది. "కొత్తదే, దీపావళి దాకా రాయిలా ఉంటుంది" అన్నాను. చూశావా, నీకు చెప్పింది నా మాటే, అక్షరం పొల్లు పోకుండా.

అది నలభై శాతం చూపిస్తూనే ఆరిపోయేది. పిన్ని రెండుసార్లు చెప్పింది. "పొయ్యి దగ్గర పెడుతున్నావు, వేడికి అలా అవుతుంది" అని ఆమె మీదే తిప్పాను. పాపం అప్పట్నుంచి ఫోనుని కిటికీలో, తడిగుడ్డ పక్కన పెట్టేది.

ఆగస్టు పదకొండున అసలు లేవలేదు. పన్నెండు పొద్దున్నే, ఎండలో, రెండు మెట్రోలు మారి దుకాణానికి తెచ్చిచ్చింది. "ఆయన మళ్ళీ చేస్తారేమోరా, తొందరగా చూడు" అంది. పది నిమిషాల పని. పదంటే పది. నేను సొరుగులో పడేశాను. పద్నాలుగున తీసి, డబ్బాలోంచి ఇంకో చచ్చిన ఫోను బ్యాటరీ వేసి ఇచ్చేశాను. మధ్యలో ఏం పని చేశానో తెలుసా? పంద్రాగస్టుకి ఆఫర్లొచ్చాయి. ఏది కొనాలి, ఏది ఆపాలి అని దుకాణం ముందు మనుషులు. అందరికీ పాఠాలు చెబుతూ ఆ సొరుగు మీదే చెయ్యి ఆనించి నిలబడ్డాను. నువ్వు చేసిన పదకొండు కాల్సూ నా మోచేతి కింద పడ్డాయి.

నా ఫోను మోగిందన్నావు. అదీ చెబుతాను. ఊరందరికీ ఆగమని చెప్పే నేను, జూలైలో కొత్త మోడల్ దిగిన రోజునే క్యూలో నిలబడి కొనుక్కున్నాను. దశరథ్ భయ్యాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పిన్నింటికి వెళ్ళేటప్పుడు దానికి పాత కవరు తొడిగి వెళ్ళేవాణ్ణి. అందులో తెలియని నెంబర్లు శబ్దం చెయ్యకుండా చేసే ఏర్పాటు ఉంది. లోన్ కావాలా సార్ అనేవాళ్ళ పోరు పడలేక పెట్టుకున్నాను. మీ బేస్ ఫోనుకి నెంబరు కనపడదు కదా. నీ చెవిలో మోగింది. నా జేబులో మోగలేదు.

ఆమె ఫోను పాతదై ఆరిపోయింది. నాది కొత్తదై మూగపోయింది. రెండూ నేను చేసినవే.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజునే, పన్నెండు, పదమూడు అన్న తారీకులు చూడగానే నాకు తెలిసిపోయింది. అయినా యంత్రం, ఎండ, కంపెనీ అని రాశాను. పైగా తప్పు మీదే అని కూడా రాశాను. ఆ ఉత్తరం పోస్టు డబ్బా దాకా తీసుకెళ్ళి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అయినా వేశాను.

పిన్నికి ఇంకా చెప్పలేదు. నువ్వు పదకొండుసార్లు చేశావని కూడా ఆమెకి తెలియదు. ప్రతి ఆదివారం వెళ్ళి తింటున్నాను. ఇవాళ కూడా ముద్దపప్పు, ఆవకాయ. నీ భర్త నీకు ఫోను చేశాడు పిన్నీ అన్న ఒక్క మాట గొంతు దాకా వస్తుంది, దాని వెనకే సొరుగు వస్తుంది, మింగేస్తాను. అక్టోబరు పదహారు నుంచి సేల్. కొత్త ఫోను చేతిలో పెట్టి అప్పుడు చెబుదామనుకుంటున్నాను. చేతిలో కొత్త ఫోను ఉంటే కాస్త తక్కువ తిడుతుంది కదా.

నీ పేరు వెనక్కి తీసుకో బాబాయ్. నా తప్పుకి పిన్నీ మనీషా రెండేళ్ళు శిక్ష అనుభవించకూడదు.

జయ


పై పోస్టు నుంచి,
అక్టోబరు 6.

జయా,

చదివాను. లింగయ్యకి కూడా చదివి వినిపించాను. అతని వంతు కూడా నీ సొరుగులోనే పడింది కదా, అతనికీ తెలియాలి. "పోనీలే అన్నా, పోరగాడు" అన్నాడు. అతను మంచివాడు. నేను అంత మంచివాణ్ణి కాదు. రెండు రోజులు నీ మొహం కళ్ళ ముందుకొస్తే చెంప మీద కొట్టాలనిపించింది.

తప్పు ఒప్పుకోవడానికి కూడా సేల్ కోసం ఆగుతావా?

కొండ మీద ఉన్న నాకు ఆరు పేజీలు రాశావు. వారం వారం ఎదురుగా కూచుని వడ్డించే మనిషికి ఒక్క మాట చెప్పలేదు. నాకు రాయడం తేలిక. నేను ఎదురుగా లేను, కాగితం మొహం చిట్లించదు. వెళ్ళి ఆవిడ మొహం చూసి చెప్పు. ఫోను పెట్టె ముందు పట్టుకుని, దాని వెనక దాక్కుని కాదు.

నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి. నువ్వు ఇంత రాశాక దాచుకోవడం మగతనం కాదు. పదకొండోసారి కూడా స్విచ్చాఫ్ అన్నప్పుడు నాకు బాధ వేసింది, నిజమే. కాని దాని అడుగున ఒక హాయి కూడా ఉంది. ఇంక తప్పు నాది కాదు, నేను అడిగాను, ఆవిడే పలకలేదు అన్న హాయి. ప్రమోషన్ మీద నాకు ఆశ ఉంది రా. ఆ స్విచ్చాఫ్ నాకు పనికొచ్చింది. లేకపోతే ఉత్తరం రాసి అడగొచ్చు, సాబ్‌ని ఇంకో వారం గడువు అడగొచ్చు. అడగలేదు. మూడు వాక్యాల ఉత్తరం అందుకే మూడు వాక్యాలైంది.

కాని నీ మాట మీద పేరు తీయను. నీ మాటే ఒకసారి నమ్మాను, రాయిలాంటి బ్యాటరీ అన్నావు. అక్టోబరు 26 ఆదివారం కింద బేస్‌కి దిగుతాను. 31న లిస్టు పోతుంది. హరి రమ్మంటే తీస్తాను. ఆవిడ గొంతులో వినాలి. కాని ఇంకోసారి ఆ స్విచ్చాఫ్ మాట వినే ఓపిక నాకు లేదు, అందుకని చేస్తానని మాట ఇవ్వను. ముందు నువ్వు చెప్పు. చెప్పాక ఏమైందో రాయి.

మేజర్ సాబ్ కుంటుతూనే డ్యూటీకి వచ్చాడు. మంచు మొదలైంది.

బాబాయ్


ఘాజియాబాద్,
అక్టోబరు 14, మంగళవారం.

నిన్న చెప్పాను. ఏమైందో రాస్తున్నాను, నాకు అనుకూలంగా ఒక్క ముక్క కూడా మార్చకుండా.

నీ ఉత్తరం నిన్న పొద్దున చేరింది. దుకాణంలోనే నిలబడి చదివి, నా కొత్త ఫోను దశరథ్ భయ్యా ముందు పెట్టి అమ్మేశాను. మూడు నెలల ఫోను, పెట్టెతో సహా. "పాగల్ హై క్యా?" అన్నాడు. అటునుంచి అటే బజారుకి వెళ్ళి, మేలో సాకేత్‌లో పిన్ని చేతిలోంచి లాక్కున్న ఫోనే కొన్నాను. అదే రంగు. కౌంటర్లో కుర్రాడు మంచివాడు. "భయ్యా, తీన్ దిన్ రుక్ జాఓ, సేల్ ఆ రహీ హై" అన్నాడు. మూడు రోజులు ఆగమని నా మాట నాకే అప్పజెప్పాడు. బిల్లు కొట్టమన్నాను. ఈ ఏడాది మొత్తంలో ఫోను కొనడానికి ఇంతకన్నా బుద్ధి తక్కువ రోజు లేదు. ధర రాయను.

పెట్టె ముందు పట్టుకోవద్దన్నావు కదా. పట్టుకోలేదు. సంచిలోంచి తియ్యలేదు. నిలబడే చెప్పాను. పిన్ని మిషను తొక్కుతూనే వింది. డబ్బాలోంచి తీసిన బ్యాటరీ అన్నప్పుడు తొక్కుతూనే ఉంది. "నువ్వు తెచ్చిచ్చాక రెండు రోజులు సొరుగులో పడేశాను, బాబాయ్ ఆ రెండు రోజులే చేశాడు" అన్నాను. మిషను ఆగింది.

"ఎన్నిసార్లు చేశారు?"

"పదకొండు."

"పదకొండా?"

"లింగయ్య అని ఎవరో తన వంతు కూడా ఇచ్చాడంట పిన్నీ. ఇంకో రెండేళ్ళు ఉండనా, వచ్చేయనా అని నిన్ను అడగడానికి. స్విచ్చాఫ్ వచ్చేసరికి నువ్వే కట్టేశావనుకున్నాడు."

దారం కొస వేలికి చుట్టుకుంది. "పదకొండుసార్లు" అని తనలో తను ఇంకోసారి అనుకుంది. నా తప్పు మొత్తం విన్న మనిషి ఆ ఒక్క ముక్కే పట్టుకుంది. ఇంక తిట్టదేమోనని ఆశ పడ్డాను బాబాయ్. సిగ్గు లేకుండా ఆశ పడ్డాను.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అంది.

"సెప్టెంబరు పన్నెండున."

"ఇయ్యాల అక్టోబరు పదమూడు." వేళ్ళ మీద లెక్కపెట్టింది. "ఐదు ఆదివారాలు. ఐదు ఆదివారాలు నా చేత్తో కలిపిన అన్నం తిన్నావు. నాలుగింటికి నేను మిషను ఆపెయ్యడం చూశావు. ఎందుకు ఆపుతానో తెలుసేట్రా నీకు? చప్పుడుకి రింగు వినబడదని."

చూశాను. ప్రతి ఆదివారం చూశాను. నడుం నొప్పికి ఆపుతోందనుకున్నాను. మొన్న పన్నెండో తారీకు ఆదివారం కూడా ఆపింది, నేను పక్కనే కూచుని సేల్‌లో రాబోయే ధరలు చెబుతున్నాను.

మనీష గుమ్మంలో నిలబడి అంతా వింది. తెలుగు రాదు రాదంటుంది గాని, ఆ పిల్లకి రానిది లేదు. "భయ్యా, ఆప్‌కో పతా థా?" అంది. ఔను, తెలుసన్నాను. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. నన్ను పిన్ని తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ గడియ చప్పుడు ఒక ఎత్తు.

తర్వాత తిట్టింది. అవి రాయను, నీకు తెలుసు బొబ్బిలి తిట్లు. అయ్యాక అడిగాను, "బాబాయ్‌ని వచ్చేయమని రాసెయ్యనా?" అని.

"నువ్వు రాయొద్దు. చెప్పేదేదో ఆయనకే చెబుతాను. నీ నోటి మీద నమ్మకం లేదు, అది కూడా ఏ డబ్బాలోంచి తీశావో."

"మరి ఉత్తరం రాస్తావా?"

"నేనెందుకు రాయాలి? నా ఫోను చెడిపోయింది, సరే. ఆయన చెయ్యి కూడా చెడిపోయిందా? పన్నెండున నేను ఎండలో పడి ఆ ఫోను మోసుకొచ్చింది ఆయన కోసమే కదా. పదకొండుసార్లు చేసినాయన పన్నెండోసారి చెయ్యలేరా? చెయ్యమను. మాట్లాడతాను."

రమ్మంటుందో లేదో నేను చెప్పలేను బాబాయ్. నీకు నచ్చే మాట రాసి పంపాలని కలం రెండుసార్లు అటు వెళ్ళింది, వెనక్కి లాక్కున్నాను. నీ హాయి సంగతి కూడా చెప్పలేదు. అది నీ సొరుగు. నువ్వే తెరువు.

అప్పుడు సంచిలోంచి పెట్టె తీశాను. "సేల్ గురువారం కదా?" అంది. "ఔను" అన్నాను. ఇంకేం అడగలేదు. సిమ్ము నేనే మార్చాను. తెలియని నెంబర్లు మూగపోయే ఏర్పాటు తీసేసి, రెండుసార్లు చూసుకున్నాను. రింగు బాగా పెద్దది పెట్టాను, మిషను తొక్కుతున్నా వినబడుతుంది. అయినా పిన్ని మిషను ఆపుతుంది. ఆమె పాత ఫోను ఇప్పుడు నా దగ్గరుంది, నా సిమ్ము అందులోనే. నలభై దగ్గర ఆరిపోతుంది. దానికి ఇప్పట్లో కొత్త బ్యాటరీ వెయ్యను. జేబులో ఆరిపోయినప్పుడల్లా తెలియాలి నాకు.

నెలాఖరు దాటేదాకా నన్ను గడప తొక్కొద్దంది. కాబట్టి ఇరవై ఆరున నేనక్కడ ఉండను. నీకు మధ్యవర్తి లేడు, కప్పిపుచ్చేవాడు లేడు. ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను, నువ్వు కిందికి దిగేలోపు అందుతుంది. అందలేదని చెప్పొద్దు.

ఓపిక లేదన్నావు. నాకు తెలియదు, తెచ్చుకో. ఆదివారం ఇరవై ఆరు, సాయంత్రం నాలుగు గంటలు, పిన్ని పాత నెంబరే. పన్నెండోసారి చెయ్యి. మొదట ఆమె మాట్లాడకపోతే పెట్టెయ్యకు, నీ వంతు అయిపోతే లింగయ్య వంతు అడుగు. రమ్మంటే ముప్పై ఒకటి లోపు నీ పేరు కొట్టేయించు. ప్రమోషన్ ఆగదు, మళ్ళీ వస్తుంది. ఈ మాట మాత్రం ఆగమని చెప్పేవాడిగా కాదు, ఆగి చెడగొట్టినవాడిగా చెబుతున్నాను.

చేశావో లేదో నాకు రాయి. నవంబరు అయిదు లోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి.

జయ